మా విచారణకు (పారిష్‌కు) పెళ్లయిన ఫాదర్ వస్తున్నారు, ఆయన చేసే పూజ చెల్లుతుందా?

నిక్షేపంగా చెల్లుతుంది. ఫాదర్లు పెళ్లి చేసుకోగలిగే ఆంగ్లికన్ చర్చిలో (ఇంగ్లాండు చర్చి) పనిచేసి భార్యాపిల్లలతో మన కతోలిక శ్రీసభలోకి వచ్చినాయన అని మీరే రాశారు. ఒక్కొక్కరికీ రోము నుంచి విడిగా అనుమతి రావాలి. ఆంగ్లికన్లు ఇచ్చిన పాత అభిషేకం లెక్కలోకి రాదు, 1896లోనే 13వ లియో పోపుగారు చెల్లదని తేల్చేశారు. అందుకే మళ్లీ డీకన్ పట్టం (గురువుకు ముందు మెట్టు), ఆపైన గురుపట్టం. "ఇక మన ఫాదర్లూ పెళ్లిళ్లు చేసుకోవచ్చట" అని వాట్సాప్‌లో తిప్పేవాళ్లకు పనిలేదు. గురువయ్యాక పెళ్లి లేదు. ఈయనకైనా భార్య పోతే రెండో పెళ్లి లేదు.

మేముండేది ఇంగ్లాండులో. ఆడవాళ్లకు గురుపట్టం ఇద్దామని 1992లో ఆంగ్లికన్లు ఓటేశాక ఇటు వచ్చినవాళ్లు చాలామంది. 2009లో బెనెడిక్ట్ పోపుగారు దారి తెరిస్తే, 2011లో వాళ్లకోసం వాల్సింగ్‌హామ్ మాత పేరిట ఆర్డినేరియట్, అంటే మేత్రాసనంలాంటి ఏర్పాటు, వచ్చింది. దాని మొదటి అధిపతి అంతకుముందు ఆంగ్లికన్ బిషప్. పెళ్లయింది కాబట్టి మన దగ్గర బిషప్ కాలేకపోయారు. మన తెలుగునాట ఇవన్నీ వింతే, ఎందుకంటే అక్కడి ఆంగ్లికన్లు చాలావరకు 1947లోనే సీఎస్ఐలో (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) కలిసిపోయారు.

మా విచారణకూ ఇలా పెళ్లయిన ఫాదరే వచ్చారు. ఆ రోజుల్లోనే అమ్మ గుంటూరు నుంచి వచ్చింది. ముందు బెంచీలో ఫాదర్‌గారి భార్య, పక్కన టీనేజి కూతురు. అమ్మ పూజంతా వాళ్లనే చూస్తూ కూర్చుంది. సత్ప్రసాదం వేళ ఫాదర్ ముందున్న వరుసలోంచి తప్పుకుని పక్క వరుసలోకి మారింది. అక్కడ ఫాదర్‌కు సాయంగా ఇస్తున్నది మా వీధి ప్లంబరు, ముగ్గురు పిల్లల తండ్రి! ఇంటికొచ్చాక ఆ మాట అంటే, "ఆయన ఫాదర్‌నని చెప్పుకోవట్లేదు కదరా" అంది. దానికేం చెప్తాం.

అమ్మ సంగతి సరే, అసలు ఒళ్లు మండింది ఆ తర్వాత. హాల్లో టీ దగ్గర ఓ పెద్దావిడ ఫాదర్‌గారి భార్య చేతిలో హాలు తాళాలు, పీఠానికి పూలు పెట్టేవాళ్ల జాబితా పెట్టేసింది. ఒక్కమాట అడగలేదు. ఆవిడ నవ్వుతూనే తాళాలు బిస్కెట్ల ప్లేటు పక్కన పెట్టి, "నేను స్కూల్ టీచర్ని, ఆదివారాలు పేపర్లు దిద్దుకోవాలి" అంది. అంతే, ఆవిడకు కలుపుగోలుతనం లేదని పేరు పడిపోయింది. జీతం విచారణ నుంచి ఒక్కరికే, చాకిరీ మాత్రం ఇద్దరూ చెయ్యాలి! పైగా ఫాదర్‌గారి ఇల్లు ఒంటరి మనిషి కోసం కట్టింది. కింద ఆఫీసు, రాత్రి పదింటికైనా ఎవడో బెల్లు కొడతాడు, ఆ పిల్ల పరీక్షలకు ఎక్కడ చదువుకోవాలి?

వేదాంతం రోము చూసుకుంటుంది. మీరు ఆ ఇంటికి బయటి గుమ్మం, ఆఫీసు గుమ్మం వేరుగా ఉన్నాయో లేదో చూడండి. లేకపోతే వాళ్లు సామాను దించకముందే విచారణ కమిటీలో అడగండి.