కొత్తగా వచ్చినవాళ్లకు ముందు ఒక ఇల్లు కావాలి

అమ్మా ప్రసన్నా,

ప్రభువు నామంలో నీకు, మీ ఇంట్లో అందరికీ వందనాలు. మీ సంఘంలో కొత్తగా విశ్వాసంలోకి వచ్చినవాళ్లను చూసుకునే బాధ్యత నీకు అప్పగించారని మీ నాన్న ఫోనులో చెప్పాడు. చాలా సంతోషించాను. కానీ ఆ రాత్రి నిద్ర పట్టలేదు. నీకు చురుకెక్కువ, ఏ పనైనా పదిమందీ మెచ్చుకునేలా చేస్తావు. ఈ పని ఎవరి కంటా పడకుండా చేయాల్సింది. అందుకే ఈ ఉత్తరం.

తేలిక విషయాలు ముందు. పేర్లు గుర్తుపెట్టుకో. బైబిలు లేనివాళ్లకు ఇవ్వు, మార్కు సువార్తతో మొదలుపెట్టించు. ఆరాధనలో పక్కన ఎవరో ఒకరు కూర్చునేలా చూడు. కీర్తన నంబరు చెప్పగానే మనవాళ్లు పుస్తకం తెరవకుండానే పాడేస్తారు. కొత్తమనిషి పేజీలు తిరగేస్తూ ఉండగానే రెండో చరణం అయిపోతుంది. ఆ పేజీ తీసి చేతికివ్వడం కూడా పరిచర్యే.

ఇక నన్ను భయపెట్టే సంగతి. నేను టీచరు ట్రైనింగు చదివే రోజుల్లో మా సంఘానికి ఒక అమ్మాయి వచ్చేది. చేనేత కుటుంబం. పేరు రాయను. చాలాకాలం వెనక వరుసలో కూర్చుని విన్నది, తర్వాత బాప్తిస్మం తీసుకుంది. తల్లికి తెలుసు, తండ్రికి తెలిసీ తెలియనట్టు ఉండేది. ఇంట్లో దీపం పెట్టే వేళకు ఈ పిల్ల ఏదో పని కల్పించుకుని పెరట్లోకి వెళ్లేది, తల్లి చూసీ చూడనట్టు ఊరుకునేది. అలా మెల్లగా సర్దుకుంటున్న ఇల్లు అది.

ఆ వేసవిలో ఉజ్జీవ కూటాలు పెట్టారు. ప్రభువు తనకు ఏం చేశాడో అందరి ముందూ చెప్పే సాక్ష్యం ఒకటి పెద్దలకు కావలసి వచ్చింది. బాప్తిస్మం తీసుకుని నెల కూడా కాని ఆ పిల్లను, వద్దంటున్నా వేదిక ఎక్కించి మైకు చేతికిచ్చారు. ప్రభువు తనకు శాంతి ఇచ్చాడని రెండు మాటలు చెప్పి దిగిపోబోయింది. పక్కనున్న సంఘపెద్ద, “మీ ఇంట్లో ఏమేం కొలుస్తారో, నువ్వు ఏమేం విడిచిపెట్టావో అది కూడా చెప్పమ్మా” అన్నాడు. ఆ పిల్ల చెప్పింది. లౌడుస్పీకరును కొబ్బరిచెట్టుకు కట్టి వాళ్ల వీధి వైపే తిప్పారు. మగ్గం గుంటలో కూర్చుని పని చేసుకుంటున్న తండ్రి, తన ఇంటి సంగతులు ఊరంతటికీ చెబుతున్న కూతురి గొంతు విన్నాడు. ఆ రాత్రే తలుపు మూసేశాడు.

పందిట్లో చప్పట్లు కొట్టారు, స్తోత్రాలు చెప్పారు, ఎవరిళ్లకు వాళ్లు వెళ్లారు. ఈ పిల్ల ఎక్కడ పడుకుంటుందని ఒక్కరూ అడగలేదు. మా ప్రార్థన గుడి ఊడ్చే ముసలమ్మ తన పాకలో చాప వేసింది. కొన్నాళ్లకు హాస్టల్లో చేర్చారు. టైఫాయిడ్ వచ్చి ప్రభుత్వాసుపత్రిలో ఉంటే సంఘం తరఫున ఒకసారి వచ్చి ప్రార్థన చేసి వెళ్లారు. రోజూ వచ్చింది తల్లి. భర్తకు చెప్పకుండా, కొంగు చాటున గిన్నెలో మెత్తటి అన్నం, చారు పట్టుకుని. ఒకరోజు నేను వెళ్లినప్పుడు, “మీవాళ్లలో అన్నం తెచ్చిపెట్టే ఆచారం లేదా అమ్మాయ్?” అని అడిగింది. ఆమె గొంతులో కోపం కూడా లేదు. మా సంఘంలో దానికి జవాబు చెప్పగలిగినవాళ్లూ లేరు.

కోలుకున్నాక ఆ అమ్మాయి ఊరు వదిలి వెళ్లిపోయింది, మళ్లీ ఏ గుడికీ వెళ్లలేదని విన్నాను. పెద్దలు ‘వెనక్కి జారింది’ అన్నారు. ఆ మాట తలచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది. తోసినవాళ్లే జారిందన్నారు!

కాబట్టి సాక్ష్యం కోసం ఎవరినీ తొందరపెట్టకు. ఫోటోలు, వీడియోలు అసలే వద్దు. అప్పుడు లౌడుస్పీకరు ఒక వీధి దాకా వినిపించింది, మీ ఫోన్లలో పెట్టింది దుబాయిలో ఉన్న మేనమామకు కూడా ఆ రాత్రికే చేరుతుంది. కొత్తగా చేరినవాడికి పెద్దరికం కట్టబెట్టవద్దని పౌలు తిమోతికి ఊరికే రాయలేదు.

మన ఒంగోలు చరిత్రే చూడు. 1876-78 కరవులో ఇక్కడి అమెరికన్ బాప్తిస్టు మిషనరీ క్లౌ దొరగారు బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి దొరికేలా చేశారు. ఆ కాలంలో బాప్తిస్మం ఇమ్మని ఎంతమంది అడిగినా ఇవ్వలేదు. కూటి కోసం చేరారన్న మాట వాళ్లమీద పడకూడదని. తర్వాత 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. మనవాళ్లందరూ ఆ అంకె చెప్పుకుని గర్వపడతారు. నేను ఆయన ఆగిన ఆ నెలలను తలచుకుంటాను.

బొట్టు, పూలు, గాజుల గురించి మాట్లాడేవాళ్లు మొదటి ఆదివారమే తయారవుతారు. నువ్వు అడ్డుపడు. అవి తీసేసిన కోడలు అత్తగారింట్లో పడే మాటలు ఈ సలహా ఇచ్చేవాళ్లు పడరు. తల్లిదండ్రుల దగ్గరికి నువ్వే వెళ్లి పరిచయం చేసుకో, ఇచ్చిన మంచినీళ్లు తాగు. ఇంట్లో పెట్టిన ప్రసాదం తినవచ్చా అని కొత్తవాళ్లు నిన్ను తప్పకుండా అడుగుతారు. నీ జవాబు ఏదైనా, పెట్టిన తల్లి మనసు నొచ్చుకోకుండా ఎలా మాట్లాడాలో కూడా చెప్పు. దసరా, దీపావళి రోజుల్లో వాళ్లు అటూ ఇటూ కాకుండా పోతారు. ఇంట్లో అందరితో కలవలేరు, మనకేమో అది మామూలు రోజు. ఆ మధ్యాహ్నం మీ ఇంటికి భోజనానికి పిలువు.

ఇంకొకటి ఉంది, గుడిలో ఎవరూ పైకి మాట్లాడనిది. ఇంటిపేరు, ఊరు, పేట అంటూ కులం ఆరా తీస్తారు. ఎవరు భోజనానికి పిలుస్తారో ఆ తర్వాతే తేలుతుంది. నీ ఎదుట అది జరగనివ్వకు. 1910లో ఎడిన్‌బరోలో జరిగిన ప్రపంచ మిషనరీల మహాసభలో మన దేశపు పాదిరి అజరయ్యగారు తెల్ల మిషనరీల ముఖం మీదే, మాకు స్నేహితులను ఇవ్వండి అని అడిగారు. రెండేళ్లకు దోర్నకల్ బిషప్ అయ్యారు. తమ బల్ల దగ్గర మనవాళ్లను కూర్చోబెట్టుకోని దొరలను అడిగిన మాట అది. ఇవాళ మన గుడికి వచ్చిన కొత్తవాడు మనల్ని అదే అడగవచ్చు.

దళిత కుటుంబాల నుంచి వచ్చేవాళ్లకు బాప్తిస్మానికి ముందే ఒక నిజం తెలియాలి. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవులకు ఎస్సీ హోదా ఉండదు, మన రెండు రాష్ట్రాల్లో బీసీ-సి కిందికి వస్తారు. చదువులు, ఉద్యోగాలు దానిమీద ఆధారపడి ఉంటాయి. తెలిసిన లాయరుతో మాట్లాడించు. తర్వాత తెలిసి కుమిలిపోయిన కుర్రవాళ్లను చూశాను.

అందరినీ నువ్వే మొయ్యాలనుకోకు తల్లీ. అంతకుముందు తమను హింసించిన సౌలు (తర్వాత పౌలు అయినవాడే) యెరూషలేముకు వస్తే, శిష్యులందరూ భయపడితే బర్నబా ఒక్కడే చేయి పట్టుకుని తీసుకెళ్లాడు. ఒక్కొక్కరికి ఒక్కో కుటుంబాన్ని అప్పగించు. నేర్పు ఉన్నవాళ్లకన్నా వంట ఎక్కువ చేసేవాళ్లను చూసుకో. చిన్నప్పటి నుంచీ పని మీద పడితే నీకు తిండి ధ్యాస ఉండదు, నువ్వు వేళకు తిను.

నర్సుగా పనిచేసే ఒక అమ్మాయి వచ్చే నెల బాప్తిస్మం తీసుకుంటోందని మీ నాన్న అన్నాడు. ఇంట్లో తెలుసో లేదో కనుక్కున్నావా? ఆమె ఊరు చీరాల, ఒంగోలు వైపైతే నాకు రాయి. అవసరమైతే నేనే వెళ్లి వాళ్ల అమ్మను కలుస్తాను.

ప్రార్థనలతో,
మీ అత్తయ్య