రాత్రి కుక్క ఎక్కడ పడుకుంటుంది?

పోయిన నెల ఇదే పేజీలో కుక్కల టీకాల గురించి రాసినప్పటి నుంచి వస్తున్న ఉత్తరాల్లో చాలావాటి సారాంశం ఒకటే. ఈ బెంగళూరు ట్రాఫిక్ నుంచి పారిపోయి ఇద్దరం ఎక్కడైనా రెండు రోజులు హాయిగా ఉండాలని ఉంది, కుక్కని వదిలి వెళ్ళలేం, ఏం చెయ్యాలి అని. వాటిలోంచి నాలుగింటికి ఈసారి జవాబులు.

ప్రశ్న: మేడం, మేం మారతహళ్ళిలో ఉంటాం, ఇద్దరిదీ సాఫ్ట్‌వేరే. నవంబరులో మా ఐదో పెళ్ళిరోజు. సకలేశపుర దగ్గర కాఫీ తోటలో ఒక కాటేజ్ చూశాం. ఫోటోల్లో మంచు, వరండా, ఉయ్యాల, చూడగానే మనసు పడిపోయింది. 'పెట్ ఫ్రెండ్లీ' అని కూడా ఉంది. మా లాబ్రడార్ జూలీకి మూడేళ్ళు, ఇంట్లో తప్ప ఎక్కడా పడుకోలేదు. బుక్ చేసెయ్యమంటారా?

జవాబు: ఆగండి. ముందు ఫోన్ చెయ్యండి. మెసేజ్ కాదు, ఫోనే. చేసి 'రాత్రి మా కుక్క ఎక్కడ పడుకుంటుందండీ?' అని ఒక్క మాట అడగండి. అవతలి మనిషి 'మీ రూములోనేనమ్మా' అని వెంటనే అంటే మిగతావి మాట్లాడుకోవచ్చు. 'అంటే... బయట షెడ్డు ఉంది, చైను కూడా ఉంది' అని నసిగితే ఫోన్ పెట్టేసి ఇంకో చోటు చూసుకోండి, ఉయ్యాల ఎంత బాగున్నా సరే.

ఇది నాకు తెలివి ఎక్కువై చెప్తున్నది కాదు, దెబ్బ తిని నేర్చుకున్నది. మూడేళ్ళ కిందట కనకపుర వైపు ఒక ఫాంహౌస్‌కి మా ఆయనా నేనూ మా పండుగాడూ (వీధిలో దొరికిన నాటు కుక్క, కానీ దర్జాకి తక్కువ లేదు) వెళ్ళాం. పగలంతా ఓనరు దాన్ని ఎంత ముద్దు చేశాడో చెప్పలేను. రాత్రి తొమ్మిదికి వచ్చి 'కుక్కని జనరేటర్ షెడ్డు పక్కన కట్టెయ్యండి, రూముల్లోకి అలవాటు లేదు' అన్నాడు. పరుపులు పాడవుతాయట. మేం వినలేదు, ఆయనా వినలేదు, చివరికి ముగ్గురం కారులోనే సీట్లు వెనక్కి వాల్చుకుని పడుకున్నాం. అది కూడా పెళ్ళిరోజే. మా ఆయన ఇప్పటికీ ఆ కథ చుట్టాలందరికీ చెప్తాడు.

మేం మొండికెయ్యడానికి కారణం ముద్దు ఒక్కటే కాదు, చిరుత. కనకపుర, రామనగర, మాగడి గుట్టల్లో చిరుతలున్నాయి, సకలేశపుర తోటల వైపూ ఉన్నాయి. ఊళ్ళ అంచున తిరిగే చిరుతకి గొలుసుతో కట్టేసి ఉన్న కుక్క కంటే తేలిగ్గా దొరికే తిండి లేదు, పారిపోవడానికి కూడా వీలుండదు కాబట్టి. ఆ ఊరివాళ్ళకి ఇది తెలుసు, కొంతమంది ఇళ్ళలో కుక్కలు పోయి కూడా ఉంటాయి. కానీ వచ్చిన అతిథికి చెప్తే మళ్ళీ రారేమోనని చెప్పరు. మీరే అడగాలి. చీకటి పడ్డాక జూలీని బయటికి వదలకండి, రాత్రి అవసరానికి తీసుకెళ్ళినా పట్టీతోనే, టార్చ్ వేసుకుని, వరండా ముందు వరకే. టార్చ్ పాములకి కూడా పనికొస్తుంది.

సకలేశపుర అన్నారు కాబట్టి ఏనుగుల సంగతీ చెప్పాలి. హాసన్ జిల్లాలో సకలేశపుర, ఆలూరు, బేలూరు తాలూకాల్లో అవి కాఫీ తోటల్లోనే తిరుగుతుంటాయి, అడవిలోకి వెళ్తేనే కనిపిస్తాయనుకోవద్దు. తెల్లవారుజామున మంచులో చెయ్యీ చెయ్యీ పట్టుకుని తోటలో నడవాలని మీకు ఉంటుంది, తెలుసు. కుక్క ఉన్నప్పుడు ఆ సరదా వద్దు. అది ముందుకి ఉరికి ఏనుగు మీద మొరుగుతుంది, ఏనుగు తరిమితే భయపడి నేరుగా మీ దగ్గరికే పరిగెత్తుకొస్తుంది, వెనకాల ఏనుగుతో సహా. బాగా తెల్లారాక, ఆ రోజు ఏ బ్లాకులో ఏనుగులున్నాయో ఎస్టేట్ రైటర్‌ని అడిగి వెళ్ళండి. రైటర్ అంటే అక్కడ తోట పనులు చూసే మేస్త్రీ లాంటివాడు. ఓనరు కంటే ఆయన మాటే నమ్మండి.

నవంబరు మంచి నెలే. వానలు తగ్గుతాయి, జలగలు జూలై ఆగస్టుల్లో ఉన్నంత ఉండవు. అరబికా పళ్ళు కోసే పని అప్పుడే మొదలవుతుంది, కళ్ళాల్లో ఎండబోస్తారు. చూడ్డానికి అందంగా ఉంటుంది గానీ లాబ్రడార్‌కి అదంతా మేత లాగే కనిపిస్తుంది. కాఫీలో ఉండే కెఫీన్ కుక్కలకి విషం, పళ్ళయినా గింజలయినా నమలనివ్వకండి. చాక్లెట్ కూడా అంతే. ద్రాక్ష, కిస్‌మిస్, ఉల్లిపాయ కూడా కుక్కకి పడవు, కాబట్టి వంటమనిషి ప్రేమగా వేసే బిర్యానీ మెతుకులకి కూడా నవ్వుతూనే వద్దని చెప్పండి. తోటలో మందు ఎప్పుడు కొట్టారో అడగండి. ఆకు తుప్పు తెగులు రాకుండా బోర్డో మిశ్రమం కొడతారు, అందులో మైలుతుత్తం ఉంటుంది, తడి ఆరకముందు ఆ గడ్డిలో కుక్క తిరిగి తర్వాత కాళ్ళు నాకిందంటే ఇబ్బందే. కొన్ని చోట్ల అడవి పందుల కోసం కంచె దగ్గర ఉచ్చులు కూడా ఉంటాయి. అందుకే తోటలో పట్టీ తియ్యొద్దంటున్నాను.

పిడుదుల విషయం మాత్రం వెళ్ళే వారం ముందే చూసుకోవాలి. డాక్టరుని అడిగి మెడ మీద వేసే చుక్కల మందో, నమిలే మాత్రో వాడండి. చుక్కలైతే వాటికి రెండు రోజుల ముందూ వెనకా స్నానం వద్దు. కాటేజీకి వచ్చిన ప్రతిసారీ చెవుల లోపల, వేళ్ళ మధ్య, తోక కింద వేళ్ళతో తడిమి చూడండి. పిడుదుల వల్ల కుక్కలకి జ్వరం వస్తుంది, వారం పది రోజుల తర్వాత జూలీ నీరసంగా పడుకుని తిండి ముట్టకపోతే 'ప్రయాణం అలసట' అనుకోకుండా రక్త పరీక్ష చేయించండి. సకలేశపుర బదులు శివమొగ్గ, చిక్కమగళూరు అడవుల వైపు మనసు మళ్ళితే డిసెంబరు నుంచి మే దాకా ఇంకొంచెం జాగ్రత్త. 1957లో శివమొగ్గ జిల్లా క్యాసనూరు అడవిలో మొదట బయటపడిన మంగన కాయిలె (కోతుల జ్వరం) ఇప్పటికీ అక్కడ మనుషులకి వస్తోంది, అది పిడుదుల వల్ల వచ్చేదే. మీ మంచం మీదికి పిడుదుని మోసుకొచ్చేది మీ కుక్కే.

దారి సుమారు 220 కిలోమీటర్లు. బయల్దేరే ముందు మూడు నాలుగు గంటలు దానికి తిండి పెట్టకండి, వాంతులు ఉండవు. రెండు గంటలకోసారి ఆపండి. టిఫిన్‌కి ఇద్దరూ కలిసి దిగి దాన్ని కారులో ఉంచి తాళం వెయ్యొద్దు, పది నిమిషాల్లో లోపల పది డిగ్రీలు పెరుగుతుంది. ఒకళ్ళు తిని వచ్చాక ఇంకొకళ్ళు. దారిలో హాసన్‌లో పశువైద్య కళాశాల ఉంది, కాటేజీకి దగ్గర్లో ఉన్న డాక్టరు నంబరుతో పాటు దాని నంబరు కూడా ఫోన్‌లో పెట్టుకోండి. టీకాల కార్డు మర్చిపోకండి.

ఇక అసలు మీ పెళ్ళిరోజు. జూలీ పరుపు, రోజూ తినే గిన్నె, మీరు కప్పుకుని విడిచిన ఒక పాత దుప్పటి తీసుకెళ్ళండి, కొత్త చోట వాసన తెలిసినది ఒకటుంటే తొందరగా సర్దుకుంటుంది. సాయంత్రం నాలుగున్నర నుంచి ఆరు దాకా దాన్ని బాగా ఆడించి అలసగొట్టి, ఏడుకి తిండి పెట్టేయండి. ఎనిమిదికల్లా గుర్రు పెడుతుంది. ఆ వరండా, ఆ ఉయ్యాల అప్పుడు మీవి. మొదటి రాత్రి కొంచెం కూనిరాగాలు తీస్తుంది, అందుకే ఒక రాత్రికి కాకుండా రెండు రాత్రులకి బుక్ చేసుకోండి. మొదటిది దానిది, రెండోది మీది.

ప్రశ్న: నాకు పెళ్ళై ఎనిమిది నెలలు. ఎలక్ట్రానిక్ సిటీలో ఉంటాం. ఆయనకి పెళ్ళికి ముందు నుంచే ఒక బీగిల్ ఉంది. హనీమూన్ కూడా దాని వల్ల నాలుగు రోజులకే ముగించుకొచ్చాం. ఇప్పుడు యెర్కాడ్‌లో కాటేజ్ అంటున్నారు, అదీ దానితోనే. నాకు కుక్కలంటే భయం లేదు, ప్రేమా లేదు. మంచం మీద మా మధ్యలో పడుకుంటుంది. ఎవరికి చెప్పినా నవ్వుతున్నారు.

జవాబు: నేను నవ్వను. మా ఇంట్లో ఈ గొడవ తలకిందులుగా జరిగింది, కుక్క నాది, మొహం ముడుచుకున్నది ఆయన.

కుక్క మీద పోటీకి దిగకండి, ఓడిపోతారు. మీ ఆయనతో 'కుక్క వద్దు' అనకుండా 'మంచం మీద వద్దు' అనండి, అది న్యాయమైన కోరిక, కాదనడం కష్టం. కాకపోతే బీగిల్‌కి ఎప్పటి నుంచో ఉన్న అలవాటుని కాటేజీలో ఒక్క రాత్రిలో మాన్పించలేరు. ఇంట్లోనే ఇప్పటి నుంచి మొదలుపెట్టాలి, దాని పరుపు మంచం పక్కనే వేసి, ఎక్కినప్పుడల్లా మాటా పలుకూ లేకుండా దించి, కింద పడుకున్నప్పుడు ఏదైనా చిన్న ముక్క ఇస్తూ. దించే పని మీ ఆయనే చెయ్యాలి. మీరు చేస్తే మీరు విలన్ అవుతారు.

యెర్కాడ్‌కి ఈసారి దాన్ని తీసుకెళ్ళండి, ఆ తర్వాతి ట్రిప్ మీ ఇద్దరిదే అని ఇప్పుడే తేదీతో సహా మాట తీసుకోండి. అప్పుడు బీగిల్‌ని బోర్డింగ్‌లో పెట్టాల్సి వస్తుంది కాబట్టి ముందు ఒక్క రాత్రి ట్రయల్ వేసి చూడండి. టీకాల కార్డు అడగకుండా కుక్కల్ని చేర్చుకునే బోర్డింగ్ వైపు చూడనే చూడకండి, ఒక కుక్క దగ్గితే అన్నీ దగ్గుతాయి. ఇంకోటి, బీగిల్ వాసన పట్టి వెళ్ళే వేట జాతి. ముక్కు నేలకి పెట్టిందంటే మీ ఆయన పిలిచినా వినదు, మీరు పిలిచినా వినదు. ఆ విషయంలో మీ ఇద్దరూ సమానమే. కంచె కింద జానెడు సందున్నా దూరి పోతుంది, కాటేజీ వాళ్ళని కంచె ఫోటో అడిగి తెప్పించుకోండి.

ప్రశ్న: మాకింకా పెళ్ళి కాలేదు. కుక్కకి ఒప్పుకున్న హోంస్టే మాకు ఒప్పుకోలేదు!

జవాబు: నవ్వొచ్చింది, క్షమించండి. పెళ్ళికాని మేజర్లు ఒకే గదిలో ఉండకూడదని ఏ చట్టమూ లేదు, 2019లో మద్రాసు హైకోర్టు ఇదే మాట చెప్పింది. కానీ ఇల్లు వాళ్ళది, వాళ్ళ నియమం వాళ్ళు పెట్టుకుంటారు, రాత్రి ఎనిమిదింటికి గేటు ముందు నిలబడి కోర్టు తీర్పులు చెప్పి ఏం లాభం? కుక్క గురించి అడిగే ఫోన్‌లోనే ఈ సంగతీ తేల్చుకోండి, జవాబు మెసేజ్‌లో రాసి పంపమనండి. ఇద్దరివీ గుర్తింపు కార్డులు దగ్గర పెట్టుకోండి.

ప్రశ్న: మాది రాజమండ్రి వైపు, ఉండేది కేఆర్ పురంలో. వేసవి సెలవుల్లో మా ఆవిడతో కోనసీమలో గోదావరి గట్టున కాటేజ్‌లో మూడు రోజులు ఉండాలని ప్లాన్. మా పగ్‌ని రైల్లో తీసుకెళ్ళొచ్చా?

జవాబు: తీసుకెళ్ళొచ్చు, కానీ ఫస్ట్ ఏసీలోనే, అదీ ఇద్దరికి ఉండే కూపే గానీ నలుగురి క్యాబిన్ గానీ మొత్తం మీదే అయితేనే. మీరు ఇద్దరే కాబట్టి రెండు టికెట్లతో కూపే వస్తే సరిపోతుంది. చిక్కేమిటంటే టికెట్ తీసుకున్నంత మాత్రాన కూపే వచ్చినట్టు కాదు, చార్ట్ తయారయ్యేదాకా తెలియదు. కుక్క ఉందని, కూపే కావాలని రైల్వే వాళ్ళకి ముందే అర్జీ పెట్టుకోవాలి. ప్రయాణం రోజు టీకాల కార్డు, డాక్టరు ఇచ్చిన ఫిట్‌నెస్ సర్టిఫికెట్ తీసుకుని పార్శిల్ ఆఫీసులో దానికి బుకింగ్ చేయించాలి, కనీసం రెండు గంటల ముందు వెళ్ళండి. సెకండ్ ఏసీ, థర్డ్ ఏసీ, స్లీపర్ కుదరవు. కూపే రాకపోతే లగేజీ వ్యానులో కుక్కల డబ్బా ఒకటే దారి. పగ్‌ని అందులో పెట్టొద్దు, అసలే చప్పిడి ముక్కు, మామూలు ఎండకే రొప్పుతుంది, ఆ డబ్బాలో ఊపిరాడదు.

అంతకంటే ముందు, వేసవి ఎందుకండీ? మే నెలలో గోదావరి జిల్లాల ఉక్కపోత మనుషులకే తట్టుకోవడం కష్టం, పగ్‌కి వడదెబ్బ తగిలితే ప్రాణం మీదికొస్తుంది. పగలంతా మీ ఇద్దరిలో ఒకరు దానితో ఏసీ గదిలో కూర్చోవాలి, కరెంటు పోతే తడిగుడ్డలతో తుడుస్తూ. కోనసీమకి డిసెంబరులో వెళ్ళండి, సంక్రాంతి రద్దీ మొదలవకముందే. మేలో తప్పదనుకుంటే పగ్‌ని బెంగళూరులోనే మీకు బాగా తెలిసినవాళ్ళ ఇంట్లో ఉంచి వెళ్ళండి.