అవి పచ్చి ట్రఫుల్స్ కావు, బ్రూమాల్

ప్రశ్న: ఫ్రాన్స్‌లోని ద్రోమ్ ప్రాంతంలో 9 ఏళ్ల క్రితం నల్ల ట్రఫుల్ (చెట్ల వేళ్లను అంటుకుని నేల లోపల పెరిగే ఖరీదైన పుట్టగొడుగు) కోసం ఓక్ మొక్కలు నాటాం. జనవరిలో కుక్క చూపిన చోట తవ్వితే ట్రఫుల్స్ దొరికాయి. కోస్తే లోపల బూడిద రంగు, ఇంకా పక్వానికి రాలేదనుకుంటున్నాం. వాటిని నలిపి పీట్‌తో (కుళ్లిన నాచు మట్టితో) కలిపి చెట్ల చుట్టూ పాతమని, కంపోస్టు వేసి నీళ్లు పెంచమని డీలర్ చెబుతున్నాడు. చేయమంటారా?
– ఒక రైతు

జవాబు: పాతొద్దు. మీరు పంపిన ఫొటోలను బట్టి అవి పచ్చివి కావు, నల్ల ట్రఫుల్‌కు దగ్గరి చుట్టమైన బ్రూమాల్. రెండూ చలికాలంలోనే, అవే చెట్ల కింద వస్తాయి. పైన రెంటికీ నల్లటి బొడిపెలే. ఒకదాన్ని తడిపి గట్టి బ్రష్‌తో రుద్దండి. బ్రూమాల్ అయితే తోలు తేలిగ్గా ఊడొస్తుంది. అసలు నల్ల ట్రఫుల్ లోపల ఊదా కలిసిన నలుపులో సన్నటి తెల్ల ఈనెలు దగ్గర దగ్గరగా ఉంటాయి. మీ ఫొటోలో ఈనెలు లావుగా, ఎడంగా ఉన్నాయి. కస్తూరి వాసన ఘాటుగా వస్తోందా? అదీ బ్రూమాల్ గుర్తే. అయినా ఒక ముక్కను ల్యాబ్‌కు పంపండి. మైక్రోస్కోపు కింద నల్ల ట్రఫుల్ సిద్ధబీజాలు (విత్తనాల్లాంటి సూక్ష్మ కణాలు) ముదురు గోధుమ రంగులో పొట్టి ముళ్లతో, బ్రూమాల్‌వి లేత రంగులో పొడవు ముళ్లతో కనిపిస్తాయి.

వీటిని నలిపి పాతితే మీ చేతులతో మీరే తోటంతా బ్రూమాల్ విత్తినట్టు. సరుకు అమ్ముకునేవాడి మాట విని ఇంత పని చేస్తారా? తడి, బరువు నేల, నీడ బ్రూమాల్‌కే కలిసొస్తాయి. కాబట్టి తడిని పట్టి ఉంచే కంపోస్టు వద్దు. జూలై, ఆగస్టుల్లో 3 వారాలు వాన లేకపోతేనే చదరపు మీటరుకు 25 లీటర్ల నీళ్లివ్వండి. కొమ్మలు కత్తిరించి నేలకు ఎండ తగలనివ్వండి. శిలీంధ్రనాశని అసలే కొట్టకండి, దానికి మంచి శిలీంధ్రం, చెడ్డ శిలీంధ్రం తేడా తెలియదు.

నర్సరీ ఇచ్చిన మొక్కల వేళ్లకు ఏ శిలీంధ్రం పట్టిందో నాటే ముందు పరీక్ష చేయించారా? మీ ఉత్తరంలో ఆ మాటే లేదు. ఎన్ని తోటలకు చెప్పినా ఇదే కథ! తప్పంతా నర్సరీదేనని ఇప్పుడే అనలేం, పక్క అడవి నేల నుంచి కూడా బ్రూమాల్ వస్తుంది. చెట్టు చుట్టూ ట్రఫుల్ శిలీంధ్రం వల్ల గడ్డి ఎండిన వలయం లోపల, 10–15 సెం.మీ. లోతులో సన్న వేళ్లను మట్టితో సహా తీసి, చెట్టుకో సంచి చొప్పున చల్లగా ఉంచి డీఎన్‌ఏ పరీక్షకు పంపండి. మట్టి పీహెచ్ కూడా చూపించండి, 7.5–8.5 మధ్య ఉండాలి. బ్రూమాల్ వచ్చిన చెట్లకు గుర్తు పెట్టి, అక్కడి పనిముట్లు కడగనిదే పక్క చెట్టు దగ్గర వాడకండి.

దొరికినవి పారేయక్కర్లేదు. రిషరాంష్ ఊళ్లో శనివారం జరిగే ట్రఫుల్ సంతకు తీసుకెళ్లినా బ్రూమాల్ అని చెప్పి విడిగా అమ్మండి. ధర బాగా తక్కువే వస్తుంది, అయినా నల్లవాటి బుట్టలో ఒక్కటి కూడా కలపకండి.