మొక్కు కోసం పోతే అది భక్తి కాదా?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్ల మూడు ఒక్క కాడనే తిరుగుతున్నయి, మనిషి దేవుణ్ని ఎందుకు వెతుక్కుంట పోతడు అనే కాడ. అందుకే మూడింటినీ కలిపి వేస్తున్న. మొదటి దానికి జవాబు పొడుగైంది, ఎందుకంటె ఆ తల్లి అడిగింది తొందరగ తేలే ముచ్చట కాదు.

ప్రశ్న: అక్కా నమస్తే. మాది పరకాల దగ్గర పల్లె, నాకు 52 ఏండ్లు. రెండేండ్ల కింద మా బిడ్డకు కాన్పు కష్టమై తల్లీపిల్లా ఇద్దరూ ఐసీయూల ఉంటే మేడారం సమ్మక్కకు నిలువెత్తు బంగారం, అంటె మనిషి బరువుకు సరితూగే బెల్లం, మొక్కిన. అక్కడ పరిచయమైన ఒక ముస్లిం ఆమె తోటి కాజీపేట దర్గాకు పోయి చాదర్ కప్పుత అనుకున్న. మా వాడకట్టు క్రిస్టియన్ చెల్లె వచ్చి ప్రార్థన చేస్తుంటె కండ్లు మూసుకొని ఆమెన్ అన్న. ఇద్దరూ బతికిన్రు, మొక్కులు తీర్చిన. ఇప్పుడు హైదరాబాదుల జాబ్ చేసే మా కొడుకు “అమ్మా నీది భక్తి కాదు బిజినెస్, ఆపదొస్తెనే నీకు దేవుడు యాదికొస్తడు, అది గూడ మూడు దిక్కుల అప్లికేషన్ పెట్టినవ్” అంటున్నడు. నాకు సిగ్గనిపిస్తుంది. అసలు మనుషులు దేవుని కాడికి ఎందుకు పోతరు అక్కా? నేను చేసింది తప్పా?
ఒక తల్లి, పరకాల

జవాబు: అక్కా, సిగ్గు పడకండి. ఐసీయూ బయట కుర్చీల కూసొని, నర్సు తలుపు తీసినప్పుడల్లా ఏం చెప్తదో అని పానం చేతుల పట్టుకొని ఉన్న తల్లి ఎవరి పేరు పిలిచినా అది బిజినెస్ కాదు. బిజినెస్ అంటే ఇద్దరి దగ్గర ఏదో ఒకటి ఉండాలె కదా, ఆ రాత్రి మీ దగ్గర ఇచ్చేటందుకు ఏమున్నది, ఒట్టి చేతులు తప్ప? బెల్లం సంగతి తర్వాత.

మీ కొడుకు అడిగిన దానికి గీతలనే జవాబుంది. ఏడో అధ్యాయం 16వ శ్లోకంల కృష్ణుడు నన్ను నాలుగు తీర్ల మనుషులు కొలుస్తరు అంటడు. ఆపదల ఉన్నోడు, తెలుసుకోవాలె అనుకునేటోడు, ఏదన్న కావాలని అడిగేటోడు, జ్ఞాని. ఈ వరుసల మొట్టమొదలు చెప్పింది ఎవరినో చూడండి, ఆర్తుణ్ని, అంటే మీలెక్క ఆ కుర్చీల కూసున్నోళ్లనే. జ్ఞాని నాకు నా ఆత్మలెక్క అని 18వ శ్లోకంల అంటడు, అది నిజమే, కాని ఆ మాట అనే ముందు ఈ నలుగురూ ఉదారులే, అంటె గొప్పోళ్లే అని చెప్పి మరీ అంటడు. అడిగేటందుకు వచ్చినోణ్ని గడప కాడనే ఆపలేదు. నాకైతే గీత మొత్తంల ఇంత కడుపునిండె మాట ఇంకోటి దొరకలే.

ఖురాన్ల గూడ మీ ముచ్చట ఉంది. పదో సూరా 12వ ఆయత్‌ల, మనిషికి కష్టమొస్తె పండుకొని, కూసొని, నిలబడి మమ్మల్ని పిలుస్తడు, ఆ కష్టం తీసేయంగనె మమ్మల్ని ఎన్నడూ పిలవనట్టె నడిచిపోతడు అని ఉంటది. జెర నిదానంగ చదవండి, అక్కడ తప్పు పట్టింది కష్టంల పిలిచినందుకు కాదు, కష్టం పోయినంక మర్చిపోయినందుకు. మీరు మర్చిపోలే, మేడారం పోయిన్రు, చాదర్ కప్పిన్రు, ఇప్పటికీ దాని గురించే ఆలోచన చేస్తున్నరు. ఇంకో మాట, ఇస్లాం లెక్కల మనిషి దేవుణ్ని వెతికేది అవసరం పడ్డందుకే కాదు, మనిషిని పుట్టించిందే దేవుణ్ని ఆరాధించేటందుకు, కాబట్టి ఆయన యాదిల తప్ప మనసుకు నిమ్మళం దొరకదు అంటరు, ఈ నిమ్మళం మాట 13వ సూరాల ఉంటది. దాహం అయినోడు నీళ్ల కాడికి పోయినట్టు అన్నమాట, నీళ్లు ఎందుకు అని ఎవరూ అడగరు.

దర్గా సంగతి మాత్రం ఉన్నది ఉన్నట్టు చెప్పాలె. కాజీపేటల ఉన్న ఆ అఫ్జల్ బియాబానీ దర్గాకు ఉర్సు నాడు కులం మతం లేకుండ జనం పోతరు, మీరూ చూసే ఉంటరు. అయితే ముస్లింలల్లనే కొందరు, అడిగేది ఏదన్న ఉంటె నేరుగ అల్లానే అడగాలె, సమాధి కాడ అడుగుడు తప్పు అంటరు. పోయేటోళ్లేమో మేం అడిగేది గూడ అల్లానే, వలీ, అంటె ఆ సమాధిల ఉన్న మహాత్ముడు, మా తరఫున ఒక మాట చెప్తడు అంతే అంటరు. ఈ వాదన శానా ఏండ్ల సంది నడుస్తున్నదే, నేను తీర్పు చెప్పేది కాదు, గని మీకు ఆ చాదర్ ఇప్పించిన ఆమె ఏ మనసుతోటి తోలుకపోయిందో మీకు తెలుసు.

ఇగ మీ వాడకట్టు చెల్లె. క్రైస్తవంల ఈ ప్రశ్ననే అటు నుంచి ఇటు తిరుగుతది. మనిషి దేవుణ్ని వెతుకుడు కంటె ముందు దేవుడే మనిషిని వెతుకుతున్నడు అంటరు వాళ్లు. లూకా సువార్త 15వ అధ్యాయంల వంద గొర్రెలు ఉన్నోడు ఒకటి తప్పిపోతె 99 గొర్రెలను అడవిల విడిచిపెట్టి ఆ ఒక్కదాని కోసం తిరుగుతడు, దొరికితె భుజాల మీద ఏసుకొని ఇంటికి వచ్చి ఇరుగుపొరుగును పిలుస్తడు. మన దిక్కు గొర్లు కాసేటోళ్లకు ఈ కథ ఎవరూ విప్పి చెప్పనక్కర లేదు, పొద్దు గూకినంక ఒక్క పిల్ల తక్కువైతె మంద కాడ ఎంత లొల్లి అయితదో వాళ్లకు తెలుసు. మీ చెల్లె మీ ఇంటికి ఎవరూ పిలవకుండనె ఎందుకొచ్చింది అంటే ఆమె నమ్మకంల ఆ కథ ఉంది కాబట్టి.

ఇక్కడ ఒక ముచ్చట చెప్పకుండ దాటలేను. మన తెలంగాణ పల్లెల్ల మాల మాదిగ వాడల నుంచి శానామంది చర్చికి పోయిన్రు, అన్నం కోసం పోయిన్రు, బడి కోసం పోయిన్రు అని ఇప్పటికీ తక్కువ చేసి మాట్లాడేటోళ్లు ఉన్నరు. మెదక్ చర్చి కరువు కాలంల పనికి తిండి పెట్టి కట్టించిన్రు, 1924ల పూర్తయింది, అది నిజమే. కాని గుడి గడప తొక్కనియ్యని రోజుల్ల ఒక మనిషిని పేరు పెట్టి పిలిచి లోపల అందరి పక్కన కూసోబెట్టిన్రు అంటే అది అన్నం కంటె చిన్నదా? నన్ను మనిషి లెక్క చూసేటోడు ఒకడు పైన ఉన్నడు అని వెతుకుడు గూడ దేవుణ్ని వెతుకుడే. నాకైతే అది అన్నింటి కంటె గట్టి కారణం అనిపిస్తది.

సమ్మక్కది ఇంకో లెక్క. గద్దె మీద విగ్రహం ఉండదు, చిలకలగుట్ట నుంచి కోయ పూజారులు తల్లిని కుంకుమ భరిణె రూపంల తెస్తరు, కోళ్లు ఎదురేసి జనం పూనకంల ఊగిపోతరు, జాతర నాలుగో రోజు మళ్లా అడవిలకు పంపిస్తరు. కరువుల కప్పం కట్టలేమన్నందుకు కాకతీయుల సైన్యం మీదికొస్తె కొట్లాడి పానం ఇచ్చిన ఆడబిడ్డ అని కదా కథ, కొడుకు జంపన్న పడ్డ వాగు అక్కడనే పారుతుంది. కాబట్టి మేడారం పోయేటోళ్లు ఏదో పైలోకంల ఉన్న దేవుని కాడికి పోతలేరు, మన కోసం సచ్చిపోయిన తల్లిని చూసేటందుకు పోతున్నరు, ఆడబిడ్డ లెక్క ఒడిబియ్యం పోస్తరు, బెల్లాన్ని బంగారం అంటరు. ఇది అడుక్కునుడు కాదక్కా, సుట్టరికం. అమ్మను అడిగితె తప్పేంది?

అందరు గూడ అడిగేటందుకే పోరు, అది గూడ చెప్పాలె. కొలనుపాకల జైన మందిరం ఉంది కదా, అక్కడ మొక్కేటోళ్లకు తీర్థంకరుడు వరాలిచ్చేటోడు కాదు. ఆ గుణాలు నాకు రావాలె అని దండం పెడతరు, సృష్టి చేసిన దేవుడు ఒకడు ఉన్నడు అని వాళ్లు అననే అనరు. అంటే ఏం కోరకుండ గూడ మనిషి తల వంచుతడు.

అన్ని మతాలు ఒక్కటే చెప్తయి అని నేను అనను, అట్ల అంటే ఎవరు చెప్పేది గూడ వినలేదన్నట్టు అయితది. ఒకరు దాహం అంటరు, ఒకరు నిన్నే వెతుకుతున్నరు అంటరు, ఒకరు సుట్టరికం అంటరు, ఒకరు ఏం అడగకు అంటరు. మీ మూడు దిక్కుల మొక్కు పాస్టరుకు గూడ నచ్చదు, మౌల్వీ సాబుకు గూడ నచ్చదు, ఒక్కడే దేవుడు అనేటోళ్లకు అది పెద్ద సంగతి, వాళ్లది కోపం కాదు నమ్మకం. మన పల్లెల్ల మాత్రం పీర్ల పండుగకు హిందువులు పీర్లను ఎత్తుకునుడు, మలీద ముద్దలు పంచుకునుడు తాతల నాటి సంది ఉంది, మీరు ఆ గాలిల పెరిగిన్రు. మీ కొడుకుకు కోపంగ చెప్పకండి. ఆ రాత్రి ఐసీయూ బయట ఏమైందో, మీ పక్కన ఎవరెవరు కూసున్నరో మొదటి సంది ఒకసారి చెప్పండి, వాడు ఆ రాత్రి హైదరాబాదుల ఉన్నడు అనుకుంట, వానికి ఫోన్ల విన్నదే తెలుసు.

ప్రశ్న: అక్కా, నేను హన్మకొండల రూం తీసుకొని గ్రూప్స్‌కు చదువుతున్న. 2021 కరోనాల మా బాపు పోయిండు. ఆ పది రోజులు నేను మొక్కని దేవుడు లేడు. ఒక్కరు గూడ వినలే. అప్పటి సంది నాకు నమ్మకం పోయింది. కాని సాయంత్రం భద్రకాళి చెరువు కట్ట మీద నడుస్తుంటె గుడి గంట వినబడంగనె చేతులు వాటికవే కలుస్తయి. ఇది నన్ను నేను మోసం చేసుకునుడా?
ఒక తమ్ముడు, హన్మకొండ

జవాబు: తమ్మీ, బాపు పోయిన బాధకు నా దగ్గర మందు లేదు, కర్మ అని, దేవుని పరీక్ష అని నీకు ఎవరన్న చెప్పి ఉంటె ఆ మాటలు పక్కన పెట్టు.

పాలకుర్తి దగ్గర బమ్మెర మనది, పోతన ఊరు అంటరు. ఆయన భాగవతంల గజేంద్రుడు మొసలి నోట్ల కాలు చిక్కి, బలమంతా అయిపోయినంక, దేవుణ్ని పిలిచే నడుమ ఆగి “కలడు కలండనెడివాడు కలడో లేడో” అంటడు. ఉన్నడు ఉన్నడు అంటరే, ఆయన ఉన్నడో లేడో అని. అంత పెద్ద భక్తి కథ నడిమిట్ల ఆ అనుమానం ఉంది, పోతన దాన్ని తీసెయ్యలే. సిలువ మీద యేసు గూడ నా దేవా నన్నెందుకు విడిచినవ్ అని అరుస్తడు. మహమ్మద్ ప్రవక్తకు కొన్నాళ్లు పైనుంచి మాట రాకుండ ఆగిపోతె, అప్పుడు వచ్చిన సూరా నీ ప్రభువు నిన్ను విడిచిపెట్టలేదు అని ఓదారుస్తది, అంటే ఆయన మనసుల గూడ ఆ భయం ఉన్నట్టే కదా. కాబట్టి ఎవరూ వినలేదు అని నువ్వు అన్నందుకు ఎవరి లెక్కల నువ్వు చెడ్డోనివి కావు.

అయితే గజేంద్రునికి విష్ణువు వచ్చిండు, మీ బాపు కోసం ఎవరూ రాలే. ఆ తేడాను నేను మాటలతోటి పూడ్చలేను. అందుకే ఇంకో కథ చెప్త. కిసా గోతమి అనే ఆమె సచ్చిపోయిన పిల్లగాణ్ని ఎత్తుకొని బుద్ధుని కాడికి పోయి మందియ్యమంటె, ఎవరూ సావని ఇంటి నుంచి పిడికెడు ఆవాలు తెమ్మన్నడు. ఆమె ఇల్లిల్లు తిరిగింది, ఆవాలు అందరింట్ల ఉన్నయి, సావు లేని ఇల్లు మాత్రం లేదు. బుద్ధుడు ఆమెకు దేవుడు ఉన్నడనీ చెప్పలే, లేడనీ చెప్పలే, పదిమంది ఇండ్ల గడపల కాడికి పంపిండు. పెద్దపల్లి దిక్కు ధూళికట్టల ఉన్న స్తూపం రెండు వేల ఏండ్లకు పైబడ్డది, ఈ దారి మన నేలకు కొత్తదేం కాదు.

చేతులు కలుస్తున్నయి అంటివి కదా, కలవనియ్యి. బాపు చిన్నప్పుడు నిన్ను ఎత్తుకొని ఏదో గుడి కాడ నీ చేతులు పట్టుకొని దండం పెట్టించి ఉంటడు, ఆ చేతులకు అది యాది ఉంది. అది దేవునికో బాపుకో ఇప్పుడే తేల్చుకోవాలని ఏం లేదు. నమ్మకం రాకపోతె గూడ నువ్వు మంచిగనె బతుకుతవు, దేవుడు లేడు అని నమ్మి నిజాయితీగ బతికినోళ్లు మనల ఎంతమంది లేరు. చదువు మాత్రం ఆపకు, అన్నం టైముకు తిను, నిద్ర పట్టకపోతె ఒక్కనివే రూంల ఉండకు.

ప్రశ్న: మాది హుజూరాబాద్. మా కోడలు క్రిస్టియన్, మేం వేములవాడ రాజన్న భక్తులం. మా మనుమడు ఆరేండ్లోడు “నానమ్మా, నీ దేవుడు నిజమా, అమ్మమ్మ దేవుడు నిజమా?” అంటున్నడు. ఏం చెప్పాలె?
ఒక నానమ్మ

జవాబు: నానమ్మా, ఇద్దరూ ఒక్కటే అని చెప్పి తప్పించుకోకండి, పిల్లలు కనిపెడతరు. వేయిస్తంభాల గుడికి తోలుకపోయి, 1163ల రుద్రదేవుడు శివునికి, విష్ణువుకు, సూర్యునికి ఒక్క దగ్గరనే మూడు గర్భగుళ్లు కట్టించిండు చూడు అని చెప్పొచ్చు, మంచిగనె ఉంటది, కాని వాడు అమ్మమ్మ దేవుడు ఇందుల ఏడి అని అడుగుతడు. అందుకని మీరు రాజన్నకు కోడె ఎందుకు కడతరో, మొదటిసారి ఎప్పుడు కట్టిన్రో, ఆనాడు ఏం అడిగిన్రో మీ నోటితోటి చెప్పండి. చర్చిల ఏం అడుగుతరో వాళ్ల అమ్మమ్మను అడగమనండి, ఆమె చెప్పేటప్పుడు మీరు గూడ పక్కన కూసొని వినండి. ఎవరిది నిజం అని మళ్లా అడిగితె, నేను రాజన్నను నమ్ముత, అమ్మమ్మ యేసును నమ్ముతది, నువ్వు పెద్దయినంక చూసుకుందువు బిడ్డా అనండి. కోడలు తోటి ఈ ముచ్చట ముందుగాలనే మాట్లాడుకోండి, పిలగాడు ఇద్దరి నడుమ నలగొద్దు.