వందల్లో కనిపించే బాతుకు ముప్పేంటి?

ప్రశ్న: పోయిన జనవరిలో పిల్లల్ని తీసుకుని కొల్లేరు వెళ్లామండీ. నీళ్ల మధ్యలో ఇటుక రంగు తల, బూడిద రంగు వీపు ఉన్న బాతులు గుంపుగా నిద్రపోతున్నాయి. మా అబ్బాయి ఫోన్‌లో చూసి అది కామన్ పోచార్డ్ అన్నాడు, ప్రపంచంలో ముప్పున్న పక్షుల లిస్టులో ఉందని కూడా చెప్పాడు. ఒక్కచోటే వందకు పైగా ఉన్నాయి, ఇంక ముప్పేంటి? మా వీధిలో కనపడకుండా పోయిన పిచ్చుక మాత్రం ఆ లిస్టులో లేదట!
– ఒక పాఠకురాలు, ఏలూరు

జవాబు: మీ అబ్బాయి చెప్పింది నిజమేనండీ, రెండు విషయాల్లోనూ. ఐయూసీఎన్ అనే అంతర్జాతీయ సంస్థ రెడ్ లిస్ట్ అని ఒక పట్టీ నడుపుతుంది. 2015 దాకా అందులో ఈ బాతుకు పెద్దగా భయం లేదనే రాసుండేది. ఆ ఏడాది, నడుమ ఉన్న ఒక మెట్టు కూడా దాటేసి నేరుగా 'వల్నరబుల్' (అంటే ముప్పులో ఉన్నవి) అన్న గడిలోకి దింపారు. అక్కడ చూసేది మొత్తం ఎన్ని ఉన్నాయని మాత్రమే కాదు, ఎంత వేగంగా తగ్గుతున్నాయని. చెరువు నిండుగానే ఉంది కదా అని ఊరుకోకుండా తూము తెరిచి ఉందేమో చూసినట్టు. పదేళ్లలోనో మూడు తరాల్లోనో, ఏది ఎక్కువ కాలమైతే దాంట్లో, 30 శాతం తగ్గితే ఈ గడి. సగం పోతే ఇంకా కింది గడి. పోచార్డ్‌కు మూడు తరాలంటే ఇరవై ఏళ్ల పైమాటే. ఇప్పటికీ ఇవి లక్షల్లో ఉన్నాయి, అయినా తగ్గుదల ఆ గీత దాటింది. పిచ్చుక మీ వీధిలోంచి పోయిందేమో గానీ ప్రపంచం మొత్తం మీద చూస్తే దాని సంఖ్య చాలా పెద్దది, అందుకే లిస్టులో దానికి అలారం లేదు. మీ బాధ మాత్రం అబద్ధం కాదు.

పోచార్డ్ మన దగ్గరికి చలికాలం గడపడానికే వస్తుంది. గుడ్లు పెట్టేది యూరప్‌లో, రష్యాలో, కజకిస్తాన్‌లో, తూర్పున బైకాల్ సరస్సు వైపు దాకా. కష్టమంతా ఎక్కువగా అక్కడే ఉంది. తల్లి రెల్లు మధ్యలో, నీటి అంచున గూడు కట్టుకుని ఇరవై నాలుగు, ఇరవై ఐదు రోజులు ఒక్కతే పొదుగుతుంది. మగాయన ఆ టైమ్‌కు కొత్త ఈకల కోసం వేరే నీళ్లకు వెళ్లిపోతాడు (ఇంటి పనిలో సాయం చేయని మొగుళ్ల గురించి ఇంకో శీర్షికలో మాట్లాడుకుందాం). అంటే ఏ జంతువైనా గూటి మీద పడితే పోయేది గుడ్లే కాదు, తల్లి కూడా. బొచ్చు వ్యాపారం కోసం అమెరికా నుంచి తెచ్చిన మింక్‌లు (ముంగిసలా కనిపించే వేటజంతువులు) ఫారాల్లోంచి తప్పించుకున్నాయి, తూర్పు ఆసియా రకూన్ డాగ్‌లనైతే (నక్కలాంటి జంతువులు) కావాలనే తెచ్చి వదిలారు. ఈ రెండూ ఇప్పుడు అక్కడి చిత్తడి నేలల్లో తిరుగుతున్నాయి.

ఫలితం లెక్కల్లో కనపడింది. యూరప్‌లో, ఉత్తర ఆఫ్రికాలో చలికాలపు గుంపుల్ని 1989–90లో లెక్కపెడితే మగవి దాదాపు 62 శాతం. 2016 జనవరిలో మళ్లీ లెక్కపెడితే దాదాపు 71 శాతం. వంద బాతుల గుంపులో ఇరవై తొమ్మిదే ఆడవన్నమాట! గుంపు పెద్దగానే కనిపిస్తుంది, గుడ్లు పెట్టేవాళ్లే తక్కువ.

ప్రశ్న: నేను హైదరాబాద్ పక్కన ఒక చెరువు దగ్గర ఈ బాతుల్ని లెక్కపెట్టాను, ఆడవే ఎక్కువున్నాయి సార్. అంటే మన దగ్గర సమస్య లేనట్టేనా?
– ఒక పాఠకుడు

జవాబు: ముందు మీకు శభాష్, ఆడా మగా విడిగా లెక్కపెట్టే ఓపిక చాలామందికి ఉండదు. కానీ తొందరపడొద్దు. చలికాలంలో మగవి ఉత్తరం వైపు దేశాల్లోనే ఎక్కువ ఆగిపోతాయి, గుడ్లు పెట్టే చోటుకు ముందుగా చేరొచ్చు కదా. ఆడవి ఇంకా దక్షిణానికి వస్తాయి. కాబట్టి మన చెరువుల్లో ఆడవి ఎక్కువ కనిపించడం మామూలే, ఒక్క చెరువు చూసి మొత్తం జాతి సంగతి చెప్పలేం. పైన చెప్పిన లెక్క చాలా దేశాల్లో కలిపి చేసింది అందుకే.

ప్రశ్న: పక్షులు తగ్గాయంటే చాలు, అందరూ మా చేపల చెరువుల మీద పడతారు. దీనికి కూడా మేమేనా కారణం?
– చేపల రైతు, కైకలూరు దగ్గర

జవాబు: మీ కోపం అర్థమైంది. సూటిగా చెప్పాలంటే ఈ బాతు విషయంలో చేపల చెరువు దేవుడూ అయ్యింది, దెయ్యమూ అయ్యింది, అదీ మీ ఊళ్లో కాదు, చెక్ దేశంలో. అక్కడ ట్రెబోన్ చుట్టుపక్కల వందల ఏళ్ల నాటి కార్ప్ చేపల చెరువులున్నాయి. గట్ల పొడవునా రెల్లు, నీళ్లలో నాచు, పురుగులు. పోచార్డ్‌కు అంతకన్నా ఏం కావాలి? తర్వాత దిగుబడి కోసం చేప పిల్లల్ని ఎక్కువ వేయడం, ఎరువు వేయడం మొదలైంది. మందగా ఉన్న కార్ప్ అడుగు బురద ఎలా కెలుకుతుందో మీకు నేను చెప్పాలా! నీళ్లు మడ్డిగా మారితే లోపలికి వెలుగు అందదు, మొక్కలు చస్తాయి. పురుగుల్ని చేపలే తినేస్తాయి. బాతు పిల్లలకు మిగిలేది ఉత్త నీళ్లే. ఇంకో చిత్రం చూడండి, తూర్పు యూరప్‌లో కొన్నిచోట్ల చేపల పెంపకమే మానేసి చెరువుల్ని వదిలేస్తే అవి పూడిపోయి, అలా కూడా బాతులకు చోటు పోయింది. కాబట్టి చెరువు ఉండడం తప్పు కాదు, దాన్ని ఎంత పిండుతున్నామన్నదే లెక్క.

ఇంతకుముందు ఆ చెరువుల్లో నల్లతల గల్ పక్షులు గుంపులుగా గూళ్లు పెట్టేవి. ఏ జంతువు వచ్చినా అన్నీ కలిసి దాని నెత్తి మీద పడి అరిచి తరిమేసేవి. పోచార్డ్ తెలివిగా వాటి పక్కనే గూడు కట్టుకునేది, ఉచిత సెక్యూరిటీ. చాలాచోట్ల ఆ గల్ గుంపులు కూడా పలచబడ్డాయి.

ప్రశ్న: ముప్పున్న పక్షినైతే వేటాడకూడదు కదా?
– డిగ్రీ విద్యార్థిని, గుంటూరు

జవాబు: రెడ్ లిస్ట్ హెచ్చరికే గానీ చట్టం కాదమ్మా. మన దేశంలో వన్యప్రాణి చట్టం ఉంది కాబట్టి దీన్ని కొట్టడం నేరం. యూరప్‌లో కొన్ని దేశాల్లో ఇంకా సీజన్‌లో వేటకు అనుమతి ఉంది. తుపాకీ తగలకపోయినా గండమే, ఎందుకంటే గింజలు నూరుకోవడానికి బాతులు ఇసుక పలుకులు మింగుతాయి. వేటగాళ్లు పేల్చగా నీటి అడుగున పడి ఉన్న సీసపు గుళ్లను కూడా పలుకులనుకుని మింగేస్తాయి, అవి కందనకాయలో అరిగి విషం ఒంట్లోకి పోతుంది. మునిగి అడుగున వెతుక్కునే పోచార్డ్‌కు ఇది మరీ ఎక్కువ. చిత్తడి నేలల్లో, వాటికి వంద మీటర్ల లోపు సీసపు గుళ్లు పేల్చకూడదని యూరోపియన్ యూనియన్‌లో 2023 ఫిబ్రవరి 15 నుంచి నిషేధం వచ్చింది. పాత గుళ్లు మాత్రం ఇంకా అడుగునే ఉన్నాయి.

ప్రశ్న: నారింజ రంగు తల, ఎర్ర ముక్కు ఉన్నదీ ఇదేనా?
– ఒక పాఠకుడు, నెల్లూరు

జవాబు: కాదు, అది రెడ్ క్రెస్టెడ్ పోచార్డ్, దానికి ప్రస్తుతం ముప్పు లేదు. మామూలు పోచార్డ్ మగదానికి ముక్కు ముదురు రంగులో ఉండి మధ్యలో లేత బూడిద పట్టీ, రొమ్ము నల్లగా, కన్ను ఎర్రగా ఉంటాయి. ఆడది మట్టి రంగులో ఉంటుంది, కన్ను ముదురు గోధుమ రంగు, దాని వెనక సన్నటి లేత గీత. పగలు ఎక్కువగా నిద్రపోతాయి, తల రెక్కలో దూర్చుకుంటే ఏది ఏదో తేలదు. సాయంత్రం దాకా ఆగండి. ఒక్కొక్కటే లేచి, చిన్నగా ఎగిరినట్టు ముందుకు వంగి బుడుంగుమని మునుగుతాయి, పైకి తేలినప్పుడు తల సరిగ్గా కనిపిస్తుంది. అప్పుడు ఆడా మగా విడిగా రాసుకోండి. ఏటా జనవరిలో జరిగే ఆసియా నీటిపక్షుల గణనలో మామూలు జనం కూడా పాల్గొనవచ్చు, అక్కడికి ఆ రెండు అంకెలూ పంపండి.