రాస్‌ప్‌బెర్రీ పై 3, పాత ఐ5 ల్యాప్‌టాప్: రెండింటికీ ఒకే వేగం ఎందుకు వచ్చింది?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ: రాస్‌ప్‌బెర్రీ పై 3 అనే అరచేతిలో పట్టే కంప్యూటర్ బోర్డులోనూ, ఇంటెల్ నాలుగో తరం ఐ5 ప్రాసెసర్ ఉన్న పాత ల్యాప్‌టాప్‌లోనూ ఎన్‌జిన్ఎక్స్ అనే వెబ్ సర్వర్ పెట్టారు, ఒక 100 కేబీ ఫోటోని, సర్వర్ వేగం కొలిచే అపాచీ బెంచ్ అనే టూల్‌తో లాగి చూశారు, బోర్డు మీద సెకనుకు 112 రిక్వెస్టులు, ల్యాప్‌టాప్ మీద 114 వచ్చాయి. అంటే చిన్న బోర్డు ఇంటెల్‌తో సమానమేనా, కరెంటు ఖర్చు కూడా తక్కువ కాబట్టి మా ఆఫీసు సైటుకి బోర్డే వాడేయొచ్చా అని అడిగారు. అప్పుడే తేల్చుకోకండి. మీరు కొలిచింది నెట్‌వర్క్ కేబుల్‌ని, ప్రాసెసర్ ఇంకా పరీక్షలోకే రాలేదు.

లెక్క చూడండి. మీ నెట్‌వర్క్ దారి వేగం 100 మెగాబిట్లు అనుకుందాం, అలా ఎందుకో కింద చెప్తాను. 100 మెగాబిట్లంటే సెకనుకు 12.5 మెగాబైట్లు. ప్యాకెట్ల హెడర్లు వగైరా పోను చేతికి మిగిలేది 11.7 దాకా ఉంటుంది. దాన్ని 100 కేబీతో భాగిస్తే దాదాపు 115. మీ రెండు అంకెలూ సరిగ్గా దానికి ఆనుకునే ఆగాయి. పై 3 లో నెట్‌వర్క్ పోర్టే 100 మెగాబిట్‌ది, అది కూడా లోపల యూఎస్‌బీ 2 మీదుగా వెళ్తుంది. ల్యాప్‌టాప్‌కి గిగాబిట్ పోర్టు ఉండే ఉంటుంది, కానీ ఇంటర్నెట్ కనెక్షన్‌తో పాటు ఇచ్చే రౌటర్లలో కొన్నిటికి పోర్టులు 100 మెగాబిట్‌వే, మీరు రెండింటినీ మీ రౌటర్‌కే తగిలించారని రాశారు కదా. పరీక్ష నడిచేటప్పుడు ల్యాప్‌టాప్‌లో టాప్ కమాండ్ తెరిచి చూడండి, ప్రాసెసర్ దాదాపు ఖాళీగా కనిపిస్తుంది.

ఈ సంగతి నాకు తెలియడానికి రెండు నెలలు పట్టింది. గుంటూరు దగ్గర మా ఊరి గ్రంథాలయానికి పుస్తకాల జాబితా సైటు చేసిపెడతానని ఒప్పుకున్నాను, పీహెచ్‌పీ (పేజీలు తయారుచేసే ప్రోగ్రామింగ్ భాష), మరియాడీబీ (డేటాబేస్)తో మామూలు సైటు. చేతిలో ఒక పై 3, ఒక పై 4, ఒక పాత ఐ5 ల్యాప్‌టాప్, క్లౌడ్‌లో నెలవారీ చిన్న ప్లాన్ ఒకటి ఉన్నాయి. నాలుగింటినీ పోల్చి మంచిదాన్ని పెడదామనుకున్నాను. మొదటి వారం వచ్చిన అంకెలు ఒక్కటీ పనికిరాలేదు. ల్యాప్‌టాప్‌ని పరీక్షించేటప్పుడు బెంచ్ టూల్‌ని దాని మీదే నడిపాను, బోర్డుని వైఫై మీదుగా కొట్టాను, క్లౌడ్‌ని ఇంటి కనెక్షన్ నుంచి. మూడింటికీ మూడు దారులు, ఇక పోలిక ఎక్కడిది?

తర్వాత ఒక స్నేహితుడి దగ్గర గిగాబిట్ స్విచ్ అడిగి తెచ్చి, టూల్ నడిపే కంప్యూటర్‌ని విడిగా పెట్టి, 1 కేబీ ఫైలుతో మళ్లీ మొదలుపెట్టాను. ఫైలు చిన్నదైతే కేబుల్ మీద భారం తగ్గి పని ప్రాసెసర్ మీద, కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ) మీద పడుతుంది. అప్పుడు ల్యాప్‌టాప్ పై 3 కంటే ఐదారు రెట్లు ముందుకి వెళ్లింది. అక్కడ కూడా ఒక దశలో అంకె పెరగడం ఆగిపోయింది. చూస్తే సర్వర్‌లో ఇంకా ఖాళీ ఉంది, టూల్ నడిపే మెషీన్‌లో ఒక కోర్ నూటికి నూరు శాతం నిండిపోయి ఉంది. అపాచీ బెంచ్ ఒకే థ్రెడ్ మీద, అంటే ఒకసారికి ఒక్క కోర్‌నే వాడుతూ పనిచేస్తుంది, వేగమైన సర్వర్ ముందు అదే అలసిపోతుంది. డబ్ల్యూఆర్‌కే అనే టూల్‌ని నాలుగు థ్రెడ్లతో నడిపితే అంకె మళ్లీ పెరిగింది. అందుకే ఏ అంకె రాసుకున్నా దాని పక్కనే, ఆ సమయానికి రెండు వైపులా ఏది నిండిపోయి ఉందో కూడా రాసుకోండి: ప్రాసెసరా, కేబులా, డిస్కా, టూలా.

పై 3, పై 4 మధ్య తేడా నన్ను నిజంగా ఆశ్చర్యపరిచింది. 2016లో వచ్చిన పై 3 లో నాలుగు కార్టెక్స్ ఏ53 కోర్లు, 1.2 గిగాహెర్ట్జ్. 2019లో వచ్చిన పై 4 లో నాలుగు ఏ72 కోర్లు, 1.5 గిగాహెర్ట్జ్. గిగాహెర్ట్జ్ చూస్తే తేడా పాతిక శాతమే అనిపిస్తుంది. కానీ ఏ53 ఇన్‌స్ట్రక్షన్లని వచ్చిన వరుసలోనే చేస్తుంది, ఒకటి మెమరీ కోసం ఆగితే వెనకవి కూడా ఆగుతాయి. ఏ72 అలా ఆగకుండా వెనక సిద్ధంగా ఉన్నవాటిని ముందు చేసేస్తుంది. పీహెచ్‌పీ లాంటి పనిలో ఇది బాగా కనిపిస్తుంది, మా జాబితా పేజీ పై 4 లో పై 3 కంటే రెట్టింపుకి పైగా వేగంగా తయారైంది. పైగా పై 4 నెట్‌వర్క్ పోర్టు నిజమైన గిగాబిట్. కాబట్టి రెండు ప్లాట్‌ఫారాలని గిగాహెర్ట్జ్‌తో మాత్రం పోల్చకండి.

హెచ్‌టీటీపీఎస్, అంటే డేటాని మధ్యలో ఎవరూ చదవకుండా ఎన్‌క్రిప్ట్ చేసి పంపే పద్ధతి, పెట్టగానే కథ ఇంకా మారింది. ఐ5 లో ఏఈఎస్ అనే ఎన్‌క్రిప్షన్ పద్ధతికి ప్రత్యేక ఇన్‌స్ట్రక్షన్లు ఉన్నాయి, పై 3, పై 4 చిప్పుల్లో అవి లేవు, 2023లో వచ్చిన పై 5 తోనే వాటికి చోటు దొరికింది. అందుకే పెద్ద ఫైళ్లు పంపేటప్పుడు పాత బోర్డులు ఏఈఎస్ దగ్గర చతికిలపడతాయి, చాచా20 అనే ఇంకో ఎన్‌క్రిప్షన్ పద్ధతిని ముందు పెడితే తేరుకుంటాయి. ఎన్‌క్రిప్షన్ పని చేసే ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ అనే సాఫ్ట్‌వేర్‌లో ఉన్న స్పీడ్ పరీక్షని ఒక్కో మెషీన్ మీద నడిపితే ఐదు నిమిషాల్లో మీ కళ్లకే కనిపిస్తుంది. సైటు అసలుదేనని చూపే సర్టిఫికెట్ కూడా చూసుకోండి, దానికి వాడే సంతకం పద్ధతులు ప్రధానంగా రెండు, ఆర్‌ఎస్‌ఏ, ఈసీడీఎస్‌ఏ. ఆర్‌ఎస్‌ఏ 2048 తో ఒక్కో కొత్త కనెక్షన్‌కి సర్వర్ చేయాల్సిన సంతకం బోర్డుకి బరువు, ఈసీడీఎస్‌ఏ అయితే చాలా తేలిక. పరీక్షలో కీప్ అలైవ్ (ఒకే కనెక్షన్‌ని చాలా రిక్వెస్టులకి వాడటం) పెట్టారా లేదా అన్నదాన్ని బట్టి కూడా ఫలితం తలకిందులవుతుంది, ఎందుకంటే కనెక్షన్ తెరిచే ఉంచితే ఆ బరువైన పని ఒక్కసారే పడుతుంది.

ఎండ సంగతి మర్చిపోకండి. నేను ఇదంతా చేసింది మే నెలలో, ఫ్యాన్ లేని ప్లాస్టిక్ పెట్టెలో బోర్డు పెట్టి. మొదటి రెండు మూడు నిమిషాలు పై 4 బ్రహ్మాండంగా నడిచింది, తర్వాత అంకె జారిపోయింది. 80 డిగ్రీలు దాటితే అది తన వేగాన్ని తానే తగ్గించుకుంటుంది. నేనేమో సాఫ్ట్‌వేర్‌లో తప్పుందని కాన్ఫిగరేషన్ మార్చుకుంటూ కూర్చున్నాను, అర్ధరాత్రి చల్లబడ్డాక అదే పరీక్ష చేస్తే గానీ విషయం తెలియలేదు. ఫోన్ చార్జర్‌తో నడిపినా వోల్టేజ్ చాలక ఇదే జరుగుతుంది, పై 4 కి 5.1 వోల్టులు, 3 ఆంపియర్లు ఇచ్చే అడాప్టర్ కావాలి. బోర్డు థ్రాటిల్ అయిందా, అంటే వేగం తగ్గించుకుందా అని దాని కమాండ్‌తోనే అడగొచ్చు, సున్నా వస్తేనే ఆ పరీక్షని నమ్మండి. కనీసం పదిహేను నిమిషాలు నడపండి.

క్లౌడ్‌లో కూడా ఇలాంటిదే ఉంది, కారణం వేరు. నేను తీసుకున్న చౌక ప్లాన్‌లో ప్రాసెసర్ క్రెడిట్ల లెక్క మీద నడుస్తుంది, ఖాళీగా ఉన్నప్పుడు క్రెడిట్లు జమవుతాయి, భారం పడితే ఖర్చవుతాయి, అయిపోతే వేగం అట్టడుగుకి పోతుంది. ఆ మాట ప్లాన్ పేజీలో ఎక్కడో చిన్న అక్షరాల్లో ఉంది, చదివి ఉంటే నాకు నాలుగు రోజులు మిగిలేవి. ఇంకోటి, వీసీపీయూ (క్లౌడ్‌లో అద్దెకిచ్చే ప్రాసెసర్ వాటా) అనే మాట అన్నిచోట్లా ఒకటి కాదు. ఇంటెల్ మెషీన్లలో చాలావరకు అది ఒక హైపర్‌థ్రెడ్, అంటే ఒక కోర్‌ని ఇంకో థ్రెడ్‌తో పంచుకోవడం. అమెజాన్ గ్రావిటాన్ లాంటి ఆర్మ్ మెషీన్లలో (పై బోర్డుల చిప్పులు కూడా ఈ ఆర్మ్ రకానివే) అది ఒక పూర్తి కోర్. కాబట్టి ఆర్మ్ అంటే నిదానం అనుకునే రోజులు పోయాయి, మీ బోర్డు నిదానమైతే అది ఆ చిప్పు సంగతి.

అసలు వేగం అంటే ఏ వేగం అనేది కూడా తేల్చుకోవాలి. 2005లో సన్ కంపెనీ అల్ట్రాస్పార్క్ టీ1 అనే చిప్పు తెచ్చింది, 8 కోర్లు, కోర్‌కి 4 చొప్పున 32 థ్రెడ్లు, దశాంశ లెక్కలు చేసే యూనిట్ మాత్రం అన్నిటికీ కలిపి ఒక్కటే. వెబ్ సర్వర్లలాగా ఒకేసారి చాలామందికి చిన్న చిన్న పనులు చేసిపెట్టడానికే దాన్ని అలా కట్టారు. ఒక్క రిక్వెస్ట్ ఎంత త్వరగా పూర్తయిందని చూస్తే అది వెనకబడేది, గుంపు వస్తే నిలబడేది. మీరు కూడా సెకనుకి ఎన్ని అన్న అంకెతో ఆగకుండా, నూటికి 99 రిక్వెస్టులు ఎంతసేపట్లో పూర్తయ్యాయో చూడండి. సగటు బాగుండి, నూటిలో ఒకరు మూడు సెకన్లు ఎదురుచూస్తుంటే ఆ ఒకరికి మీ సైటు పాడైనట్టే.

మా గ్రంథాలయం సైటు చివరికి పై 4 మీదే ఉంది, అల్యూమినియం పెట్టె, యూఎస్‌బీ 3 కి తగిలించిన ఎస్‌ఎస్‌డీతో. మెమరీ కార్డు మీద ఉన్నప్పుడు ఎవరైనా పుస్తకం రిజర్వ్ చేస్తే డేటాబేస్ ఆ ఒక్క వరుస రాయడానికే ఇబ్బంది పడేది, ఎస్‌ఎస్‌డీ పెట్టాక అది పోయింది. నేను చేసిన మార్పులన్నిటిలో చదివేవాళ్లకి తెలిసినంత తేడా వచ్చింది దీనితోనే.

మీరు ముందు రౌటర్ మోడల్ చూసి పోర్టులు గిగాబిట్‌వో కావో చెప్పండి. తర్వాత మూడో కంప్యూటర్ నుంచి 1 కేబీ ఫైలుతో ఒకసారి, మీ అసలు సైటు పేజీతో ఒకసారి, హెచ్‌టీటీపీఎస్ పెట్టి, పదిహేనేసి నిమిషాలు నడిపి అంకెలు ఇక్కడ పెట్టండి. బోర్డు సరిపోతుందో లేదో అప్పుడు చూసి చెప్తాను.