మంట కంచంలో పుట్టిందా, మంచం మీదా?

రెండో షిఫ్టు దిగి ఇంటికొచ్చేసరికి రాత్రి పదిన్నర. వేడివేడిగా అన్నం, చేపల పులుసు తిని పదకొండుంపావుకి పడుకుంటాను. ఒంటిగంటకల్లా గొంతులోకి పుల్లటి నీళ్లు తన్నుకొస్తాయి. మూడు తలగడలు పెట్టుకున్నా తగ్గట్లేదు. చల్లటి పాలు తాగితే గంటసేపే ఉపశమనం. ఏం చెయ్యాలి?
– గాజువాక పాఠకుడు

పులుసు తప్పు కొంతే, ఎక్కువ తప్పు గడియారానిది. అన్నవాహిక జీర్ణాశయాన్ని కలిసేచోట ఒక కండరం కవాటంలా బిగిసి ఉంటుంది. కడుపు నిండుగా ఉన్నప్పుడు అది మాటిమాటికీ సడలుతుంది. కూర్చుని ఉంటే ఆమ్లం తన బరువుకి కిందే ఉండిపోతుంది. పడుకుంటే పైకి పాకుతుంది. తిన్న అన్నం కడుపు ఖాళీ చెయ్యడానికి 3 గంటలైనా పడుతుంది, నూనె ఎక్కువైతే ఇంకా ఆలస్యం. మీరు ముప్పావు గంటకే నడుం వాలుస్తున్నారు.

షిఫ్టు మారదు గనక భోజనాన్నే జరపండి. అసలు భోజనం క్యారేజీలో పట్టుకెళ్లి ఏడున్నరలోపు అక్కడే తినేయండి. ఇంటికొచ్చాక చిన్న గిన్నెడు మజ్జిగన్నమో, 2 ఇడ్లీలో చాలు. చేపల పులుసు సెలవు రోజు మధ్యాహ్నం తినండి, ఎవరూ వద్దనరు.

ఇక తలగడలు. మూడు పెడితే మెడ లేస్తుంది గానీ నడుం దగ్గర ఒళ్లు మడతపడి పొట్ట మీద ఒత్తిడి పెరుగుతుంది. మంట తగ్గకపోగా మెడనొప్పి అదనం. లేపాల్సింది మంచాన్ని. తలవైపు రెండు కోళ్ల కింద 6 నుంచి 8 అంగుళాల ఎత్తు చెక్కదిమ్మలు పెట్టండి. ఇటుకలు పెడితే రాత్రి పక్కకి దొర్లినప్పుడు జారిపోతాయి. వడ్రంగి చేత దిమ్మ మధ్యలో కోడు కూర్చునేంత గుంట తొలిపిస్తే కదలదు. నేల మీద పరుపు వేసుకునేవాళ్లకి నడుం నుంచి తల దాకా ఏటవాలుగా లేచే స్పాంజి దిండు పనికొస్తుంది. ఎడమపక్కకి తిరిగి పడుకోండి. అలా పడుకుంటే జీర్ణాశయం అన్నవాహిక కన్నా కిందుగా ఉంటుంది, కుడిపక్కకైతే తారుమారు.

పాలు మొదట ఆమ్లాన్ని చల్లబరుస్తాయి. ఆ తర్వాత వాటిలోని ప్రొటీను, కాల్షియమే కొత్త ఆమ్లాన్ని ఊరిస్తాయి. గంట తర్వాత మంట మళ్లీ రావడానికి కారణం అదే.

అమ్మకి 62. బీపీ మాత్రలు వాడుతోంది. గ్యాస్ పట్టేసిందంటూ రోజూ సాయంత్రం ఈనో తాగుతుంది. ఎవరో చెబితే ఈ మధ్య అతిమధురం పొడి కూడా మొదలుపెట్టింది. పర్వాలేదా?
– మర్రిపాలెం పాఠకురాలు

రెండూ ఆపించండి. ఈనో అయినా వంటసోడా అయినా అందులో పనిచేసేది సోడియం బైకార్బనేటే. అర టీస్పూను వంటసోడాలో 600 మిల్లీగ్రాములకు పైగా సోడియం ఉంటుంది. రోజు మొత్తానికి 2000 దాటొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. బీపీ ఉన్నవాళ్లకి ఇది ఉప్పు తిన్నట్టే. పైగా తాగగానే వచ్చే ఆ పెద్ద త్రేన్పు లోపలున్న గ్యాస్ కాదు. సోడా ఆమ్లంతో కలిసి అప్పటికప్పుడు పుట్టించిన బొగ్గుపులుసు వాయువు. అతిమధురం ఒంట్లో ఉప్పుని నిలిపి, పొటాషియాన్ని పోగొట్టి, బీపీని పెంచుతుంది. 'మూలికే కదా' అనుకోవడం ఇక్కడ ప్రమాదం.

మరీ మంటగా ఉన్న రోజు యాంటాసిడ్ జెల్ 10 మి.లీ. తాగించొచ్చు. కిడ్నీ జబ్బు ఉంటే మాత్రం డాక్టరుని అడక్కుండా వద్దు. జెల్‌కీ ఐరన్ మాత్రకీ కనీసం 2 గంటలు, థైరాయిడ్ మాత్రకైతే 4 గంటలు ఎడం ఉండాలి. మోకాళ్ల నొప్పికి డైక్లోఫెనాక్ లాంటివి వేసుకుంటోందేమో చూడండి, కడుపుని కాల్చేది అదే కావచ్చు. ఆమ్లోడిపిన్ రకం బీపీ మాత్రలు కూడా కవాటాన్ని సడలిస్తాయి. అలాగని సొంతంగా ఆపకండి, రాసిన డాక్టరుకి మంట సంగతి చెప్పండి.

సింహాచలం మెట్లు ఎక్కుతుంటే ఛాతీ మధ్యలో బిగుతు. ఆగితే తగ్గిపోతోంది. గ్యాసేనా?
– భీమిలి పాఠకుడు

గ్యాస్ అనుకోకండి. శ్రమతో వచ్చి విశ్రాంతితో పోయే బిగుతుని గుండె జబ్బు కాదని తేలేదాకా గుండెదిగానే చూడాలి. ఈ వారంలోనే కార్డియాలజిస్టుని కలవండి. విశ్రాంతిగా ఉండగా తీసిన ఈసీజీ బాగుందని సరిపెట్టుకోవద్దు. కూర్చున్నా తగ్గకపోతే, చెమటలు పట్టినా, దవడకో చేతికో నొప్పి పాకినా వెంటనే 108కి ఫోన్ చెయ్యండి. సోడా తాగి చూద్దామనుకునే అరగంట చాలా ఖరీదైనది.

టిఫిన్ తిన్నాక ఆమ్లాన్ని తగ్గించే పాంటోప్రజోల్ 40 మాత్ర వేసుకుంటున్నాను. పనిచెయ్యట్లేదు.
– ఎంవీపీ కాలనీ పాఠకురాలు

టిఫిన్‌కి 30 నుంచి 60 నిమిషాల ముందు, పరగడుపున వేసుకోండి. తినడం మొదలెట్టగానే కడుపులో ఆమ్లాన్ని ఊరించే పంపులు మేలుకుంటాయి. ఆ వేళకి మందు రక్తంలో సిద్ధంగా ఉండాలి. మాత్రని నమలొద్దు, పొడి చెయ్యొద్దు. నెలల తరబడి వాడి ఒక్కసారిగా మానేస్తే ఆమ్లం రెట్టింపుగా ఎగదన్నుతుంది, అందుకే మెల్లగా తగ్గించాలి. మింగడం కష్టమైనా, మలం నల్లగా వచ్చినా, కారణం లేకుండా బరువు తగ్గినా మాత్రలతో కాలక్షేపం చెయ్యకుండా ఎండోస్కోపీ గురించి అడగండి.

పుదీనా నీళ్లు, నిమ్మరసం, అంబలి – వీటిలో ఏది మంచిది?
– పెందుర్తి పాఠకురాలు

అంబలి. పుదీనా కవాటాన్ని ఇంకా సడలిస్తుంది. నిమ్మరసం, వెనిగర్ అసలే ఆమ్లాలు, ఒరిసిన గొంతుని మండిస్తాయి, పళ్ల పింగాణీని తింటాయి.

2 టేబుల్‌స్పూన్ల చోడిపిండిని (రాగిపిండి) గ్లాసుడు చన్నీళ్లలో ఉండలు లేకుండా కలిపి, మరుగుతున్న 2 గ్లాసుల నీళ్లలో పోసి, సన్నసెగ మీద 10 నిమిషాలు తిప్పండి. పిండిని నేరుగా వేడినీళ్లలో పోస్తే ఉండకట్టి లోపల పచ్చిగా మిగులుతుంది. చల్లారాక ఒక వంతు పెరుగుకి 4 వంతుల నీళ్లు పోసి చిలికిన మజ్జిగ, చిటికెడు వేయించిన జీలకర్ర పొడి కలపండి. రాత్రంతా పులియబెట్టిన అంబలి రుచే వేరు గానీ, మంట ఉన్నన్నాళ్లు ఏ పూటకా పూట కాచుకున్నదే తాగండి. పచ్చిమిర్చి కొరుక్కోవడం కూడా అన్నాళ్లూ ఆపాల్సిందే.